మన సీమ చరిత్ర, కళలు ఇంటి దగ్గర నుంచే నేర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో మేము కొంతమందిమి నెలకో ఆదివారం కలిసి ఏదో ఒక గుడికో, కోటకో, కళాకారుల ఊరికో పోయి వస్తుంటాం. మాలో ఎవరూ పండితులు కారు. కొత్తగా వచ్చేవాళ్లు అడిగే సందేహాలు చాలావరకు ఒకటే ఉంటాయి. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పేకంటే రాసిపెడితే మేలనిపించి, వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

నేను పదో తరగతితో ఆపేశాను. చరిత్ర నాకు అర్థమవుతుందా అక్కా?

అవుతుంది. గండికోటలో ధాన్యాగారం ముందు నిలబడి, అంత పెద్ద కప్పును సున్నపు గారతో ఎట్లా నిలబెట్టి ఉంటారో మాకు వివరించింది ఒక బేల్దారి. ఆయన ఏడో తరగతి వరకే చదివాడు. లేపాక్షి చిత్రాల్లో చీర అంచులను మా అందరికంటే ముందు గుర్తుపట్టింది మగ్గం నేసే ఇంటి ఆడబిడ్డ. మీ చేతికి వచ్చిన పని ఏదైనా, చరిత్రలో దానికి సంబంధించినది ఒకటి తప్పకుండా దొరుకుతుంది. అక్కడ మొదలుపెడితే మిగతాది అల్లుకుంటుంది. తేదీలు బట్టీ పట్టడం బడిలో పరీక్ష కోసం. ఇక్కడ పరీక్ష లేదు.

చూడాల్సింది చాలా ఉంది, తలచుకుంటేనే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ఊరితో. ఊరికి ఆ పేరు ఎందుకు వచ్చింది, చెరువు ఎవరు కట్టించారు, గుడి ముందు ఆ రాయి ఏమిటి, ఈ మూడింటికి జవాబు వెతకండి చాలు.

ఇందుకు మన ప్రాంతానికి ఒక అదృష్టం ఉంది. రెండు వందల ఏళ్ల కిందట కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి తన మనుషుల్ని ఊరూరికీ పంపి, కరణాల దగ్గర, పెద్దల దగ్గర ఉన్న సమాచారం రాయించాడు. ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవాళ్లు కావలి సోదరులనే తెలుగువాళ్లు. ఆ రాతలనే కైఫీయత్తులు అంటారు. ఊరు ఎప్పుడు కట్టారు, ఏ పాళెగాడి కింద ఉండింది, ఏ గుడికి ఎంత మాన్యం, చెరువు ఎప్పుడు తెగింది, అన్నీ అప్పటి తెలుగులోనే ఉంటాయి. కడప జిల్లా కైఫీయత్తులను కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చు వేసింది. అక్కడి గ్రంథాలయంలో కూర్చుని మీ ఊరి పేరు వెతకండి. దొరికిన రోజు మీకు ఇంటికి రాబుద్ధి కాదు. మా బృందంలో ఒకాయన తన ఊరి పేజీ చదివి, అందులో ఉన్న చెరువు పేరును తన అవ్వ ఇప్పటికీ అట్లాగే పలుకుతుందని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

ఒక జాగ్రత్త. కైఫీయత్తు అంటే ఊరివాళ్లు చెప్పుకున్న మాట. అందులో విన్నది, జరిగినది కలిసిపోయి ఉంటాయి.

ఇంగ్లీషు రాదు. పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే కదా?

కొన్ని మాత్రమే. కైఫీయత్తులు, జిల్లాల శాసన సంపుటాల మూల పాఠాలు, స్థల చరిత్రలు తెలుగులో ఉన్నాయి. తెలుగు వికీపీడియాలో మన జిల్లాల ఊళ్ల మీద వ్యాసాలు ఉన్నాయి. ఇంగ్లీషు పేజీ తప్పనిసరైతే ఫోన్‌లో అనువాదం చేసుకుని చదవండి. కాకపోతే పేర్లు, సంవత్సరాలు మాత్రం అసలు పేజీలో సరిచూసుకోండి, అనువాదంలో ఊళ్ల పేర్లు వింతగా మారిపోతాయి.

ఖర్చు ఎంతవుతుంది?

బస్సు చార్జీ, మధ్యాహ్నం తిండి. శాఖా గ్రంథాలయంలో కూర్చుని చదవడానికి రూపాయి అక్కర్లేదు. కేంద్ర పురావస్తు శాఖ వాళ్లు టికెట్ పెట్టిన చోట కూడా పదిహేనేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, 19 నుంచి 25 దాకా ప్రపంచ వారసత్వ వారం. ఆ రోజుల్లో ఎండ కూడా తక్కువ, పిల్లల్ని తీసుకుపోవడానికి అంతకంటే మంచి కాలం మన దగ్గర లేదు.

రాయలసీమ అనే పేరు కృష్ణదేవరాయల కాలం నాటిదేనా?

ప్రాంతం ఆనాటిదే, పేరు మాత్రం మన తాతల కాలానిది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దత్తమండలాలు అనేవాళ్లు. ఆ మాట ఇక్కడివాళ్లకు అవమానంగా తోచింది. 1928లో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు సూచించారు. అది నిలిచిపోయింది.

## చూడటానికి పోయినప్పుడు

లేపాక్షికి మూడుసార్లు పోయాను. ఫొటోలు తప్ప ఏమీ మిగల్లేదు. ఎట్లా చూడాలి?

ఒక పూటలో మొత్తం చూడాలనే ఆశ వదిలేయండి. ఒక్కో పర్యటనకు ఒక్కటే పని పెట్టుకోండి.

మొదటిసారి పైకప్పు మాత్రమే. నాట్యమండపం కింద దుప్పటి పరుచుకుని వెల్లకిలా పడుకోలేం కానీ, ఒక చేతి అద్దం తీసుకుపోతే మెడ నొప్పి లేకుండా పైన బొమ్మలు చూడొచ్చు. ఇవి పదహారో శతాబ్దపు విజయనగర చిత్రాలు, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు గుడి కట్టించినప్పటివి. కథ ఎవరిదని మొదటే అడగొద్దు. ఎవరు ఏం కట్టుకున్నారో చూడండి. మగవాళ్ల నెత్తిన ఉన్న పొడవాటి కుళ్లాయి, ఆడవాళ్ల కొప్పులు, చీరల మీద గళ్లు, చారలు, పువ్వులు. నల్లని గీత గీసి లోపల కావి, పసుపు, తెలుపు, ఆకుపచ్చ నింపారు. ముఖాలు ఎక్కువగా పక్క నుంచే కనిపిస్తాయి. ఒక చీర డిజైన్‌ను నోటు పుస్తకంలో పెన్సిల్‌తో గీసుకోండి. బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు. గీసేటప్పుడు కన్ను ఆగినంతసేపు ఫొటో తీసేటప్పుడు ఆగదు.

రెండోసారి స్తంభాలు. నాట్యమండపంలో రంభ నాట్యం చేస్తుంటే చుట్టూ దేవతలు వాయిద్యాలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరి చేతిలో ఏ వాయిద్యమో పట్టిక రాసుకోండి. మూడు కాళ్ల శివభక్తుడు భృంగిని వెతికి పట్టుకునే ఆట పిల్లలకు చాలా ఇష్టం. తర్వాత లతామండపం స్తంభాల మీది నమూనాలు. నేత పనివాళ్లు చీర అంచులకు తీసుకున్నది వీటినే.

మూడోసారి, పూర్తికాని కల్యాణమండపం. నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. పూర్తయిన గుడిలో పనివాళ్లు కనపడరు, ఇక్కడ కనపడతారు. స్తంభాలు లేచి ఉన్నాయి, కప్పు లేదు. ఏ పని ముందు, ఏ పని తర్వాత చేసేవాళ్లో నిలబడి ఊహించవచ్చు.

గైడ్ చెప్పే కథలు నిజమేనా? పిల్లలకు ఏం చెప్పాలి?

విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడని, జటాయువును రాముడు 'లే పక్షీ' అన్నందుకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇవి ఐతిహ్యాలు. వాటిని కొట్టిపారేయకండి, చరిత్ర అని కూడా చెప్పకండి. పిల్లలతో మేము రెండు మాటలు వాడతాం: 'రాతిలో ఉంది', 'నోట ఉంది'. అచ్యుతరాయల పేరు రాతిలో ఉంది. కళ్ల కథ నోట ఉంది. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా ఈ తేడా పట్టుకుంటారు, ఆ తర్వాత ప్రతి కథకూ 'ఇది రాతిలోదా, నోటిదా' అని వాళ్లే అడుగుతారు.

ఎర్రగుడి, ఎర్రగుడిపాడు ఒకటేనా? గూగుల్‌లో కలిసిపోతున్నాయి.

కాదు, వేర్వేరు. రెండు చోట్లా శాసనాలే, కానీ వాటి మధ్య ఎనిమిది వందల ఏళ్ల దూరం కూడా ఉంది.

ఎర్రగుడి కర్నూలు జిల్లాలో, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఉంది. అక్కడి బండల మీద ఉన్నవి అశోకుడి శాసనాలు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం, బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. ఒక శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, మడక దున్నేటప్పుడు చాలు చివర ఎద్దుల్ని మళ్లించినట్టు.

ఎర్రగుడిపాడు కడప జిల్లాలో ఉంది. అక్కడిది రేనాడు అనే ఈ ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళుల తెలుగు శాసనం. అదే జిల్లాలో ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో దొరికిన, ఆ వంశపు రాజు ధనంజయుడి శాసనాన్ని తొలి తెలుగు శాసనంగా చెబుతారు, సుమారు క్రీ.శ. 575. అందులో 'రేనాండు ఏళన్' అని ఉంది. రేనాడును ఏలుతుండగా అని అర్థం. దాదాపు పద్నాలుగు వందల యాభై ఏళ్ల కిందటి మాట, మనం ఇప్పటికీ 'ఏలడం' అంటున్నాం. నాకు ఆ రెండు ముక్కలు చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కలేదు. ఏం చూపించగలను?

లేపాక్షి నంది రోడ్డు పక్కనే ఉంటుంది. ఒకే రాతిలో చెక్కింది, పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. కర్నూలులో కొండారెడ్డి బురుజు ఊరి నడిబొడ్డునే ఉంది, ఆటోలో కూర్చుని చూడొచ్చు. గండికోటలో కోట లోపలి ఊరి దాకా బండి పోతుంది, మసీదు, ధాన్యాగారం అక్కడి నుంచి దగ్గర. పెన్నా లోయ అంచుకు మాత్రం బండల మీద నడవాలి, వద్దు. బెలుం గుహలు కూడా వద్దు, లోపల మెట్లు, ఉక్క రెండూ ఎక్కువ.

మా తమ్ముడికి చూపు లేదు. వాడికి ఇవన్నీ ఎట్లా అందుతాయి?

చెవి, చేయి రెండింటికీ మన ప్రాంతంలో చాలా ఉంది. తాళ్లపాక అన్నమయ్య మన జిల్లావాడే. ఆయన పదాల్లో దంపుళ్ల పాటలు, జాజరలు (వసంతోత్సవపు పాటలు), లాలిపాటలు ఉన్నాయి. వాటిని వరుసగా వినిపించి, ఏ పని చేసుకుంటూ ఆ పాట పాడేవాళ్లో మాట్లాడుకోవచ్చు. కాపలా లేని చోటైనా ప్రాచీన శిల్పాల మీద చేతులు వేయడం మంచిది కాదు. దాని బదులు తోలుబొమ్మను చేతికివ్వండి. చర్మం పలుచదనం, చిల్లుల వరుసలు, కీళ్ల దగ్గర దారం ముళ్లు, అన్నీ వేళ్లకు తెలుస్తాయి. మాతో వచ్చిన ఒక అబ్బాయి బొమ్మ నడుము దగ్గర చిల్లులు తడిమి 'ఇది వడ్డాణం' అని చెప్పేశాడు. మేము రంగులు చూస్తూ దాన్ని గమనించనే లేదు.

ఫొటోలు తీయొచ్చా?

ఫోన్‌తో ఎక్కువ చోట్ల తీయొచ్చు. చిత్రాల మీద ఫ్లాష్ వేయకండి. గర్భగుడిలో వద్దు. స్టాండు పెట్టాలంటే అనుమతి కావాలి.

## రాళ్ల మీద అక్షరాలు

మా ఊరి గుడి ముందు శాసనం ఉంది. చదవడం నేర్చుకోవాలంటే ఎట్లా?

వెనక నుంచి ముందుకు పోండి, అంటే కొత్త శాసనం నుంచి పాతదానికి. పదిహేను, పదహారు శతాబ్దాల విజయనగర శాసనాల లిపి మన అక్షరాలకు దగ్గరగా ఉంటుంది. తలకట్టు, ఒత్తులు కాస్త వేరు, అంతే. కలమళ్ల కాలపు లిపితో మొదలుపెట్టినవాళ్లు రెండు వారాల్లో మానేస్తారు.

శాసనం ఎట్లా నడుస్తుందో తెలిస్తే సగం చదివినట్టే. మొదట 'స్వస్తిశ్రీ', తర్వాత 'శాలివాహన శక వర్షంబులు' అని సంవత్సరం, ఏలుతున్న రాజు పేరు, బిరుదులు. ఆ తర్వాత అసలు విషయం: ఎవరు ఎవరికి ఏ భూమి ఇచ్చారు, ఏ పన్ను తీసేశారు, ఏ దేవుడికి దీపం పెట్టించారు. పొలం హద్దులు చెప్పేటప్పుడు వాగులు, గుండ్లు, చెట్ల పేర్లు వస్తాయి, ఊరివాళ్లకు అవి ఇప్పటికీ తెలుసు. 'ఆచంద్రార్కం' అంటే సూర్యచంద్రులు ఉన్నంతకాలం. అందుకే రాయి పైన సూర్యుడు, చంద్రుడు చెక్కుతారు. చివర శాపం: ఈ ధర్మం చెడిపినవాడు గంగ ఒడ్డున ఆవును చంపిన పాపాన పోతాడని.

సాయంత్రం ఎండ వాలినప్పుడు పోండి. వెలుగు పక్క నుంచి పడితే గుంటల్లో నీడ నిలిచి అక్షరం లేచి కనపడుతుంది. రాత్రయితే టార్చిని రాయికి ఆనించినట్టు పక్క నుంచి పట్టండి. మొదట మీకు తెలిసిన అక్షరాలు మాత్రం పుస్తకంలో రాసుకోండి, తెలియని చోట చుక్క పెట్టండి. ఊహించి నింపకండి.

శాసనంలో శక సంవత్సరం ఉంటుంది. మన లెక్కకు ఎట్లా మార్చాలి?

78 కలపండి. శకం 1460 అంటే 1538. అయితే అక్కడితో ఆగకండి, పక్కనే సంవత్సరం పేరు కూడా ఉంటుంది. 1538లో విళంబి. మొన్న 2018లో వచ్చింది కూడా విళంబే, మధ్యలో 480 ఏళ్లు, అంటే సరిగ్గా ఎనిమిది అరవైలు. పేరూ, అంకే కలిస్తే మీరు సరిగ్గా చదివినట్టు. కలవకపోతే ఒక అంకె తప్పు చదివారేమో మళ్లీ చూడండి. మీ ఇంట్లో పాత భూమి కాగితాల మీద ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటే దానికి 590 కలపాలి.

అక్షరాలు కనపడటానికి సుద్ద, పిండి, విభూతి రుద్దవచ్చా?

వద్దు. నూనె అసలే వద్దు. సుద్ద గుంటల్లో ఇరుక్కుంటుంది, దాన్ని తీయడానికి తర్వాత ఎవరో కొబ్బరిపీచు పెట్టి తోముతారు, అక్షరం అరిగిపోతుంది. మేము చూస్తుండగానే ఒక ఊళ్లో భక్తితోనే శాసనానికి రంగు పూసేశారు, అంచుల వరుసలు ఇక చదవలేం. నిపుణులు తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది అచ్చు తీస్తారు. అది నేర్చుకుని అనుమతితో చేయాల్సిన పని.

శాసనాల్లో గుప్తనిధుల గుర్తులు ఉంటాయంటారు, నిజమా?

కాదు. శాసనాల్లో ఉండేది పొలాల లెక్క, పన్నుల లెక్క. సూర్యుడు, చంద్రుడు, పంది, కత్తి బొమ్మలు నిధి గుర్తులు కావు. పంది విజయనగర రాజుల వరాహ లాంఛనం. చేతిలో కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ చాలాసార్లు వీరగల్లు, ఊరి పశువుల కోసమో, యుద్ధంలోనో చచ్చిపోయినవాడి జ్ఞాపకం. ఈ అపోహ వల్ల సీమలో ఎన్ని నందులు పగిలాయో, ఎన్ని వీరగల్లులు గుంటల్లో పడ్డాయో! తవ్వుతున్నట్టు తెలిస్తే పోలీసులకు, తహసీల్దారుకు వెంటనే చెప్పండి. భూమిలో ఏదైనా దొరికినా ప్రభుత్వానికి తెలపాలని 1878 నుంచీ చట్టం ఉంది.

## ఆట, పాట, సినిమా

తోలుబొమ్మలాట ఇప్పుడు ఎక్కడ ఉంది?

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక చర్మాన్ని శుభ్రం చేసి, వెలుగు దూరేంత పలుచగా గీకి, ఆరబెట్టి, బొమ్మ గీసి, ఉలితో చిల్లులు కొట్టి రంగులు వేస్తారు. ఆ చిల్లులే తెర మీద నగలై మెరుస్తాయి. ఇప్పుడు ఆట కంటే దీపాల గూళ్లు, గోడ బొమ్మలే ఎక్కువ అమ్ముడుపోతున్నాయి, వాళ్ల బతుకు దానితోనే. వీలైతే ఊళ్లో నలుగురు కలిసి రాత్రి ఆట కట్టించుకోండి. కేతిగాడు, బంగారక్క తెర మీదికి వచ్చినప్పుడు పిల్లలు నవ్వే నవ్వు ఏ ఫోన్‌లోనూ దొరకదు.

సురభి నాటకాలు హైదరాబాదువి కదా, మనకేం సంబంధం?

పేరే మన ఊరిది. సురభి కడప జిల్లాలో చక్రాయపేట మండలంలోని ఊరు. మరాఠీ మాట్లాడే ఆ కుటుంబాలు ముందు తోలుబొమ్మలు ఆడించేవి. 1885లో వనారస గోవిందరావు బొమ్మల వెనక నుంచి మనుషుల్ని తెర ముందుకు తెచ్చి కీచకవధ ఆడించాడు. తర్వాత వాళ్ల నాటకాల్లో మాయాబజార్ పేరుమోసింది. తీగల మీద గాల్లో ఎగిరే పాత్రలు, మాయమయ్యే మనుషులు చూసి జనం నోళ్లు తెరిచేవాళ్లు. 1957లో అదే కథను వెండితెర మీదికి తెచ్చిన కె.వి.రెడ్డి తాడిపత్రిలో పుట్టారు. తోలుబొమ్మ, నాటకం, సినిమా: ఈ మూడు మెట్లూ నూరు మైళ్ల లోపలే ఉన్నాయి. మన పిల్లలకు బడిలో ఎవరూ ఇది చెప్పరు, అందుకే కలిసిన ప్రతివాళ్లకూ నేను చెబుతుంటాను.

పాత సినిమా చూసి చరిత్ర నేర్చుకోవచ్చా?

సినిమా చరిత్ర కాదు, చరిత్ర మీద ప్రశ్నలు పుట్టించే సాధనం. పులివెందుల ప్రాంతంలో పుట్టిన బి.ఎన్.రెడ్డి 1951లో తీసిన మల్లీశ్వరి రాయల కాలపు కథ. దాన్ని చూసి లేపాక్షి పైకప్పు ఫొటోలు పక్కన పెట్టుకోండి. కట్టు, కొప్పు, నగలు ఎక్కడ కలిశాయి, ఎక్కడ 1951 నాటి అభిరుచి దూరింది? ఇంట్లో అందరూ కలిసి వాదించుకోవడానికి ఒక సాయంత్రం సరిపోదు. దక్షిణ భారతం నుంచి మొదటి ఫాల్కే అవార్డు ఆయనదే, ఆయన తమ్ముడు నాగిరెడ్డి గారికి కూడా తర్వాత వచ్చింది.

నలభై ఏళ్లు దాటాయి. చెక్కభజన నేర్చుకోవచ్చా?

నిస్సందేహంగా. ముందు నెల రోజులు కూర్చుని చెక్కలతో తాళం పట్టండి, అడుగులు తర్వాత. ఊరి భజన గుడిలో గురువు ఉంటే అదే మంచి బడి. వీడియో చూసి అడుగులు వస్తాయి కానీ, నలుగురితో కలిసి తిరిగే ఊపు రాదు.

## విన్నది రాసిపెట్టుకోవడం

మా జేజి కథలు, పాటలు రికార్డు చేయాలనుంది. ఎట్లా?

ఈ వారమే చేయండి, పండక్కి చేద్దామని వాయిదా వేయకండి. నేను మా జేజి దంపుడు పాటలను అట్లాగే వాయిదా వేసి పోగొట్టుకున్నాను. ఫ్యాను ఆపేయండి, ఫోన్‌ను దిండు మీద పెట్టండి. మొదట తేదీ, ఊరు, ఆమె పేరు మీ గొంతుతో చెప్పండి. 'పాట పాడు జేజీ' అంటే సిగ్గుపడుతుంది. 'వడ్లు దంచేటప్పుడు ఎంతమంది ఉండేవాళ్లు?' అని అడగండి, పాట దానంతటదే వస్తుంది. ఆమె మాట యాసను దిద్దకుండా ఉన్నదున్నట్టు రాయండి. ఇతరులకు వినిపించే ముందు ఆమెను అడగండి.

కళాకారుల దగ్గరికి పోయినప్పుడు డబ్బివ్వాలా?

ఇవ్వాలి. డమరుకం పట్టి ఆడే గురవయ్యలు, ఉరుము అనే వాద్యం వాయించే ఉరుములవాళ్లు, బొమ్మలాటవాళ్లు ఒక పూట కూలి వదులుకుని మనకు చూపిస్తారు. ఎంతివ్వాలో ముందే మాట్లాడుకోండి, చేతిలో పెట్టి దండం పెట్టండి. వీడియో తీస్తే దేనికోసమో చెప్పండి. కళను ఆదరించండి అని ఊరికే చప్పట్లు కొట్టి రావడం నాకు ఎప్పుడూ బాధే.

మీతో రావాలంటే ఏం తెచ్చుకోవాలి?

రెండు లీటర్ల నీళ్లు, టోపీ లేదా తువ్వాలు, గీతల్లేని నోటు పుస్తకం, పెన్సిల్, చేతి అద్దం, చిన్న టార్చి. కొర్రన్నమో, రొట్టెలో, మీ ఇంట్లో ఏది ఉంటే అది. నలుగురికి సరిపడా తెస్తే గుడి మండపం నీడలో అందరం కలిసి తింటాం. తిన్న ఆకులు, కవర్లు సంచిలో వేసుకుని తిరిగి తెచ్చేస్తాం.